బత్తి తీసుకోకుండా దిగినవాడు

జంషెడ్‌పూర్ కద్మాలో ఒక మేనమామ, ఒక మేనల్లుడు ఉండేవారు. మామ ముప్ఫై నాలుగేళ్ళు ఝరియా వైపు జామాడోబా బొగ్గుగనిలో చేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగి బొగ్గు తవ్వలేదు. పైన, చానక్ ముఖం దగ్గర, అంటే గని బావి నోటి దగ్గర, బత్తీఘర్‌లో పనిచేశాడు.

బత్తీఘర్ సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. షిఫ్టుకి వచ్చిన మనిషి తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను కిటికీలోంచి ఇస్తాడు. లోపలివాడు అదే నంబరున్న టోపీ దీపాన్ని ఛార్జింగు స్టాండు మీంచి తీసి ఇస్తాడు. బిళ్ళ గోడ మీది కొక్కేనికి ఎక్కుతుంది, మనిషి డోలీలో కిందికి దిగుతాడు. ఎనిమిది గంటల తర్వాత నల్లటి మొహంతో పైకొచ్చి, బత్తి ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు మారాక గోడ మీద ఒక్క బిళ్ళ మిగిలిందంటే కింద ఒక మనిషి ఉన్నాడని లెక్క. వాడు బాత్రూంలో ఉన్నాడో, బత్తి ఇవ్వడం మరిచి ఇంటికెళ్ళిపోయాడో, రాయి కింద పడి ఉన్నాడో తేలేదాకా మామ కుర్చీలోంచి లేచేవాడు కాదు. 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 370 మందికి పైగా పోయినప్పుడు ఆయన కుర్రాడు. ఆ తర్వాత జీవితమంతా ఆయన గోడ వంక చూసే చూపు వేరుగా ఉండేదని తోటివాళ్ళు అనేవారు.

మేనల్లుడు బీకాం చదివి, ఖర్కాయీ నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజరుగా చేసేవాడు. చేతికింద మంచి వెల్డర్లు. ఒక్కొక్కరే మాయమవుతుండేవారు. అడిగితే, ఫలానా దలాల్ మస్కట్ పంపించాడనో, ఫలానావాడు లక్షా ఇరవై వేలు తీసుకుని దమ్మామ్ పంపించాడనో తెలిసేది. దలాల్‌కి ఆఫీసు ఉండదు, రసీదు ఉండదు, ఉండేది రెండు ఫోన్లు. మేనల్లుడికి కడుపు మండింది. ఈ పని సక్రమంగా ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. కద్మా బజార్లో మేడ మీద రెండు గదులు చూసుకున్నాడు. దరఖాస్తు పెట్టాడు, రుసుము కట్టాడు, పోలీసు విచారణ అయింది. 100 మందిలోపు పంపే చిన్న ఏజెంటుగా రిజిస్ట్రేషను కావాలంటే 8 లక్షల బ్యాంకు గ్యారంటీ చూపించాలి. అక్కడ ఆగాడు. మామ దగ్గరికి వెళ్ళాడు.

"ఎనిమిది లక్షలూ బ్యాంకులో ఊరికే పడుంటాయి మామా. వ్యాపారానికి పనికిరాని డబ్బు. గవర్నమెంటు అడిగింది కాబట్టి పెట్టాలి."

"ఎందుకడుగుతారట?"

"మనం పంపినవాడికి అక్కడేమైనా అయితే వెనక్కి తెచ్చే ఖర్చుకని."

మామ కాసేపు ఊరుకున్నాడు. "మరి పనికిరాని డబ్బంటావేట్రా? నీ వ్యాపారంలో పనికొచ్చే డబ్బు అదొక్కటే కదా!"

గ్రాట్యుటీ డబ్బు ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు. ఆఫీసులో, కూర్చున్నవాడికి ఎదురుగా, ఒక చెక్క బోర్డు ఉండాలి. దానికి కొక్కేలుండాలి. దేశం దాటిన ప్రతి మనిషికీ ఒక బిళ్ళ వేలాడాలి. తిరిగొచ్చినవాడు తన బిళ్ళ తనే తీసుకోవాలి.

రిజిస్ట్రేషను వచ్చింది. మొదటి ఏడాది పని నిదానంగానే సాగింది గాని శుభ్రంగా సాగింది. ఆదిత్యపూర్ షెడ్డులో పైపును 45 డిగ్రీల వాలుగా బిగించి, వెల్డరును దాని చుట్టూ తిరుగుతూ వెల్డు చేయమనేవాడు. చల్లారిన తర్వాత ముక్క కోసి వంచి చూసేవాడు. వంపులో పగులు కనబడితే ఎంత దగ్గర చుట్టమైనా పంపేవాడు కాదు. కంపెనీ పంపిన డిమాండ్ లెటరు, ఒప్పంద పత్రం, జీతం అంకె ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఎక్కించి, ఆ అంకెను కుర్రాడి చేత, వాడి ఇంట్లోవాళ్ళ చేత గట్టిగా చదివించేవాడు. చట్టం ఒప్పుకున్న 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే తీసుకుని రసీదు రాసేవాడు. మొదట ఒమన్‌కి పదకొండు మంది వెళ్ళారు, తర్వాత సౌదీకి పన్నెండు మంది. బోర్డు మీద ఇరవై మూడు బిళ్ళలు.

సాయంత్రం మామ వచ్చేవాడు. టీ తాగేవాడు. బోర్డు లెక్కపెట్టేవాడు. "ఎంతమంది దిగేరు?" అనేవాడు. ఆయన నోట విదేశం వెళ్ళడమంటే 'దిగడమే'. "ఇరవై మూడు మామా." "బిళ్ళలూ ఇరవై మూడే." లేచి వెళ్ళిపోయేవాడు.

భాటియా బస్తీలో ఒకావిడ ఉండేది. వినాయక చవితికి గణేష్ పూజ మైదానంలో మేళా జరిగినన్నాళ్ళూ బజ్జీల బండి పెట్టేది, మిగతా ఏడాది నాలుగిళ్ళలో వంట. ఆవిడ కొడుకు పదో తరగతి తప్పాడు. అందుకని పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలన్న ముద్ర పడింది. చెల్లెలి పెళ్ళి కుదిరింది, అప్పు చేశారు. రెండు నెలల్లో డబ్బు పంపడం మొదలుపెట్టాలి. కుర్రాడు రోజూ వచ్చి మేడమెట్ల మీద కూర్చునేవాడు. కంపెనీ నుంచి కొత్త డిమాండ్ రాలేదు. "అన్నా, నువ్వు పంపకపోతే దలాల్ దగ్గరికి పోతాను" అన్నాడొకరోజు.

మేనల్లుడికి నిజంగా జాలేసింది. ఇది గుర్తుపెట్టుకోవాలి, వాడు ఆశపడి చేయలేదు. ముంబయిలో ఒకడు దుబాయ్ విజిట్ వీసా ఇప్పిస్తానన్నాడు, అక్కడికెళ్ళాక పని వీసాగా మారుస్తారన్నాడు. టూరిస్టు కనుక క్లియరెన్సు అడగరు, రానూపోనూ టికెట్టు చూపిస్తే చాలన్నాడు. కుర్రాడు డెబ్బై వేలు కట్టాడు. అందులో మేనల్లుడు పైసా ముట్టలేదు. కుర్రాడు వెళ్ళాడు.

ఆ రాత్రి మేనల్లుడు ఇరవై నాలుగో బిళ్ళ చేతిలో పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. పుస్తకంలో బిళ్ళ నంబరు పక్కన ఒప్పందం నంబరు రాయాలి, కంపెనీ పేరు రాయాలి, జీతం రాయాలి. వీటిలో ఏ ఒక్కటీ లేదు. బిళ్ళ సొరుగులో వేశాడు.

మర్నాడు సాయంత్రం మామ వచ్చాడు. "ఎంతమంది దిగేరు?"

"ఇరవై మూడు మామా."

"బిళ్ళలూ ఇరవై మూడే."

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బస్తీ ఆవిడ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కొంగుకి ముడివేసుకున్న ఫోను తీసి, కొడుకు పంపిన చివరి మెసేజి చూపించింది. పంతొమ్మిది రోజుల కిందటిది. వీసా గడువు అయిపోయింది, పని వీసా ఎవరూ మార్చలేదు, రోజుకూలీకి స్కాఫోల్డింగ్ కడుతున్నాడు, పోలీసులకు కనబడకుండా తిరుగుతున్నాడు. తర్వాత ఎవరో ఫోన్ చేసి, పైనుంచి పడ్డాడు, ఆసుపత్రిలో చేర్చారు అని చెప్పి పెట్టేశారట. ఏ ఆసుపత్రో తెలియదు.

ఆవిడ మాట్లాడుతూ బోర్డు వంక చూసింది. ఆ బిళ్ళల సంగతి బస్తీలో అందరికీ తెలుసు. "ఇందులో మావోడిది ఏది బాబూ?" అంది.

సరిగ్గా అప్పుడే మామ మెట్లెక్కి వచ్చాడు. ఆ ప్రశ్న విన్నాడు. మేనల్లుడు సొరుగు లాగి బిళ్ళ తీయడం చూశాడు. కేకలెయ్యలేదు. చాలాసేపటి తర్వాత ఒకటే అన్నాడు. "బత్తి తీసుకోకుండా దించేసేవేట్రా! గని కూలిపోయినా ఆడికోసం ఎవలూ ఎదకరు కదా."

ఇరవై నాలుగో బిళ్ళను ఆయనే కొక్కేనికి తగిలించాడు.

మేనల్లుడు ఆ రాత్రే ఉన్నదున్నట్టు రాసి రాంచీలోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి పంపాడు. తప్పు తనదేనని రాశాడు. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఫిర్యాదు ఎక్కించాడు. ఒప్పందం లేదు కాబట్టి యజమాని పేరు లేదు, బీమా లేదు, ఎక్కడ వెతకాలో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. దుబాయ్‌లో ఉన్న కద్మా కుర్రాళ్ళు సెలవు రోజుల్లో ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. మూడో వారానికి దొరికాడు. తొడ ఎముక విరిగి ఉంది. ఆసుపత్రి బిల్లు, గడువు దాటినందుకు జరిమానా, ఔట్‌పాస్, టికెట్టు. మేనల్లుడి దగ్గర అంత లేదు. గ్యారంటీ డబ్బు కదిలింది. మామ దగ్గర తలదించుకుంటే ఆయన విసుక్కున్నాడు. "దానికే కదరా పెట్టేం!"

రిజిస్ట్రేషనును తాత్కాలికంగా నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. కుర్రాడు చంకకింద కర్రతో వచ్చాడు. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. వెంట వచ్చిన తల్లి మంచినీళ్ళు కూడా తాగలేదు. వాడు బోర్డు దగ్గరికి వెళ్ళి తన బిళ్ళ తీసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆఫీసు బయట బోర్డు దించేశారు. లోపల చెక్క బోర్డు మాత్రం అలాగే ఉంది. లైసెన్సు ఆగినా, ఇరవై మూడు మంది ఇంకా కిందే ఉన్నారు. మేనల్లుడు రోజూ వచ్చి తాళం తీసి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చునేవాడు.

నీతి

దిగిన ప్రతివాడికీ పైన ఒక బిళ్ళ ఉండాలి. ఆ బిళ్ళ దిగేదాకా ఇంటికి పోకుండా కూర్చునేవాడు ఒకడుండాలి. మనుషుల్ని సముద్రం దాటించే పనికి లైసెన్సు అంటే అర్థం ఇదీ అని నా నమ్మకం.

కథలో మనుషులు కల్పితం, నియమాలు కావు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేకుండా ఎవరూ ఏజెంటుగా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని చేర్చకూడదు. సబ్ ఏజెంటు అన్న మాటకు ఆ చట్టంలో చోటే లేదు. పెద్ద ఏజెంటుకు గ్యారంటీ 50 లక్షలు, 100 మందిలోపు పంపేవాడికి 8 లక్షలు. ఈ చిన్న తరగతిని పెట్టింది, పెద్ద ఏజెన్సీలు ఇంతవరకూ పోని ఊళ్ళలో కూడా సక్రమమైన ఆఫీసు ఒకటి తెరుచుకోవాలనే. ఝార్ఖండ్ లాంటి చోట్ల దాని అవసరం ఎంతో ఉంది.

ఈ వ్యాపారంలోకి వద్దామనుకునే కుర్రాళ్ళు నాతో మాట్లాడినప్పుడు మొదట అడిగేది ఖర్చు ఎంత అని. రెండోది తలకు ఎంత మిగులుతుంది అని. తప్పులేదు, ఇల్లు గడవాలి. కానీ ఆ లెక్కలో గ్యారంటీని ఎప్పుడూ 'ఇరుక్కుపోయిన డబ్బు' కింద రాస్తారు. అక్కడే తేడా వస్తుంది. కార్మికుడి దగ్గర 30,000 మించి తీసుకోకూడదంటే మిగతా ఆదాయం మనిషి కావాలన్న కంపెనీ దగ్గరనుంచి రావాలి. వీసాలు కొనేసి, వాటిని మన పిల్లలకు రెట్టింపుకి అమ్మేవాడికి కంపెనీతో పని లేదు, విమానం ఎక్కేదాకానే పని. కంపెనీ దగ్గర డబ్బు తీసుకునేవాడు ఆ కంపెనీ జీతాలిస్తుందో లేదో కనుక్కుంటాడు, లేకపోతే రేపు వాడికే నష్టం. ఎవడు డబ్బిస్తున్నాడన్నదాన్ని బట్టే ఎవడి బాగు చూడాలన్నది మారిపోతుంది.

క్లియరెన్సు అంటే ఆఫీసర్లు పెట్టే అడ్డంకి అని గల్ఫ్‌కి మనుషుల్ని పంపే పల్లెల్లో చాలా కాలం అనుకున్నారు. దాన్ని తప్పించుకుని ఎయిర్‌పోర్టు దాటించడానికి 'పుషింగ్' అని ఒక మాటే పుట్టింది. పదో తరగతి పాసవనివాళ్ళు సౌదీ, కువైట్, ఖతార్, యూఏఈ, ఒమన్, మలేషియా వంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఆ క్లియరెన్సు కావాలి. అది ఉంటే ఒప్పందం ఒక చోట నమోదై ఉంటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 కడితే 10 లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద వెళ్ళినవాడికి ఇవేవీ ఉండవు. వాడు పోయినా, పడినా, జైల్లో ఉన్నా, మన ప్రభుత్వం పుస్తకంలో వాడు ఇంకా షికారుకి వెళ్ళిన టూరిస్టే.

ఇంకో లోటు ఉంది. 2024లో గిరిడీహ్, హజారీబాగ్, బొకారో జిల్లాల కూలీలు కామెరూన్‌లో జీతాలందక ఇరుక్కుపోయి, వీడియోలు తీసి పంపి వేడుకున్నారు. 2025 ఏప్రిల్‌లో గిరిడీహ్ జిల్లా బగోదర్ వైపు వాళ్ళు ఐదుగురిని నైజర్‌లో సాయుధులు ఎత్తుకుపోయారు. కామెరూన్, నైజర్ ఆ 18 దేశాల్లో లేవు. అంటే కొన్ని గనుల్లోనే బత్తి అడుగుతాం, కొన్నింట్లో ఊరికే దిగనిస్తాం. కరెంటు టవర్ల పనికి ఆఫ్రికా వెళ్ళే ఝార్ఖండ్ కుర్రాడికి కూడా ఒక బిళ్ళ ఉండాలని గట్టిగా అడగాల్సిన సమయం ఇది.

లెక్క ఉన్నంత మాత్రాన మేలు జరుగుతుందని కూడా అనను. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అన్న పేరు నిన్నా మొన్నటిది కాదు, కూలీ ఒప్పందాల కాలం నాటిది. అప్పుడూ చేర్చేవాళ్ళకు లైసెన్సులుండేవి. 1860లో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలో నటాల్ రేవు డర్బన్ చేరింది. 1911 దాకా నటాల్‌కి లక్షన్నరకు పైగా మనుషులు వెళ్ళారు, అందులో తెలుగువాళ్ళు బోలెడంత మంది. ప్రతివాడికీ ఒక నంబరు వేసి, పేరు, తండ్రి పేరు, ఊరు రాశారు. ఆ నంబరు తోటల యజమానికి పని రాబట్టుకోవడానికి. అయినా, వాళ్ళ ముని మనవలు ఈనాడు ఆ ఓడ జాబితాలు పట్టుకునే తమ ఊరు వెతుక్కుంటున్నారు. బత్తీఘర్ బిళ్ళా ఒక నంబరే. కానీ అది మనిషి పైకి రావడానికి వేసింది. మన ఏజెన్సీలు వేసే నంబరు ఈ రెండింట్లో దేనిలాంటిదన్నది చట్టం ఒక్కటే తేల్చదు, కుర్చీలో కూర్చున్నవాడు తేలుస్తాడు.

బర్మాకి వెళ్ళినవాళ్ళకు ఆ పాటి జాబితా కూడా లేదు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి స్టీమరు ఎక్కించేవాడు. కూలీ లెక్క మేస్త్రీ తలలో ఉండేది, అప్పు లెక్క మాత్రం కాగితం మీద. శ్రీకాకుళం ఇళ్ళలో అలా బర్మా వెళ్ళడాన్ని 'రంగం ఎల్లడం' అంటారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షల మంది భారతీయులు పారిపోయారు. ఓడ దొరకనివాళ్ళు అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు నడిచి దాటారు. దారిలో ఎంతమంది రాలిపోయారో సరైన లెక్క లేదు. మేస్త్రీలే పారిపోతే ఇక పేర్లెవరు చెబుతారు?

కథలో మామ గురించి ఒకటి చెప్పకుండా ఉంచాను. ఏటా మహాలయ అమావాస్య నాడు ఆయన పొద్దున్నే దోముహానీకి, ఖర్కాయీ సువర్ణరేఖలో కలిసే చోటికి, నడిచి వెళ్ళేవాడు. తిథి తెలియని పెద్దలకు ఆ రోజు నువ్వులూ నీళ్ళూ వదులుతారు. లైసెన్సు ఆగిన ఏడాది మేనల్లుడు కూడా వెంట వెళ్ళాడు. మామ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మూడుసార్లు దోసిలి వదిలి గట్టుకొచ్చాక మేనల్లుడు అడిగాడు.

"ఎవరికి మామా?"

"తాతకిరా. రంగం ఎల్లేడు. ఏ రోజు పోయేడో ఎవలికీ తెలీదు."